ఐదు దాటితే... ఏ రేవు?

బడి మారే ఏడాది ఇది. పుస్తకాలు మారతాయి, టీచర్లు మారతారు, కొన్ని ఇళ్ళలో పిల్లల చదువే ఆగిపోతుంది. ఐదో తరగతి చదివే బిడ్డ ఇంట్లో ఉంటే అమ్మానాన్నలు ఏం గమనించాలి? కృష్ణ ఒడ్డున సోమశిల వైపు నుంచి చూస్తే ఆ ప్రశ్న ఇంకాస్త స్పష్టంగా కనిపిస్తుంది.

ఆదివారం వచ్చిందంటే సోమశిల రేవులో సందడే సందడి. ఎక్కడెక్కడి నుంచో కార్లొస్తాయి. లలితా సోమేశ్వరుడి దర్శనం, కృష్ణలో పడవ షికారు, ఒడ్డున చేపల కూర... సాయంత్రానికి ఎవరిదారిన వాళ్ళు వెళ్ళిపోతారు. ఆ తర్వాత మిగిలేది ఊరూ, నదీ, తెల్లారితే బడికెళ్ళాల్సిన పిల్లలూ.

నాగర్‌కర్నూల్ జిల్లా కొల్లాపూర్ మండలంలోని ఈ ఊరికి కదలడం కొత్తేమీ కాదు. 1981 ప్రాంతంలో శ్రీశైలం జలాశయం నిండుతున్నప్పుడు అప్పటి మహబూబ్‌నగర్, కర్నూలు జిల్లాల్లో కృష్ణ ఒడ్డునున్న దాదాపు వంద ఊళ్ళు మునిగాయి. సోమశిల గుళ్ళను విప్పి ఎగువన మళ్ళీ కట్టారు. దూలాలూ తలుపులూ విప్పుకుని మెరకకు చేరిన ఆనాటి పిల్లలే ఈరోజు ఇక్కడి అవ్వలూ తాతలూ. నీళ్ళొస్తున్నాయంటే ఏం చేయాలో వాళ్ళకు తెలుసు. కానీ వాళ్ళ మనవళ్ళకూ మనవరాళ్ళకూ ఏటా ఏప్రిల్‌లో ఎదురయ్యే మరో ముంపు ఉంది. దానికి దండోరా వేయరు, నోటీసూ ఇవ్వరు. అదే, ఐదో తరగతి అయిపోవడం!

కృష్ణ ఒడ్డు చిన్న ఊళ్ళలో చాలాచోట్ల ఊరి బడి ఐదుతో ఆగుతుంది. ఆపైన పక్క ఊరి హైస్కూలో, సుమారు పది కిలోమీటర్ల దూరంలోని కొల్లాపూరో, హాస్టలో చూసుకోవాల్సిందే. విద్యాహక్కు చట్టం నిబంధనల ప్రకారం ఐదు దాకా చదివే బడి ఇంటికి కిలోమీటరు లోపు ఉండాలి. ఆరు నుంచి ఎనిమిది దాకా అయితే మూడు కిలోమీటర్ల లోపు. అంటే చట్టం లెక్కలోనే పదేళ్ళ బిడ్డ నడక ఒక్కసారిగా మూడు రెట్లయింది. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా అక్షరాస్యత 55 శాతం. అప్పటి తెలంగాణ జిల్లాలన్నిటిలోనూ అదే అట్టడుగు. ఆ అంకె వెనక ఏ తరగతిలో ఎందరు ఆగిపోయారో గానీ, ఊరి బడి ఎక్కడ అయిపోతుందో అక్కడే చాలామంది చదువూ అయిపోతుందని పాలమూరు పల్లెల్లో ఏ పెద్దమనిషినడిగినా చెబుతారు.

ఇది రేవు ఊళ్ళ గోలే కదా అనుకోనక్కర్లేదు. కూకట్‌పల్లి అపార్ట్‌మెంట్‌లో పిల్లలకు బస్సు గుమ్మంలోకే వస్తుంది. అక్కడ తెగిపోయేది దారి కాదు, పాఠం. రెండు చోట్లా తెగే ముడి మాత్రం ఒక్కటే, ఐదుకీ ఆరుకీ మధ్యది.

నాలుగు పుస్తకాలు... ఆరవుతాయి

తెలంగాణ ప్రభుత్వ బడిలో ఐదో తరగతి పిల్లాడి సంచిలో ఉండేవి నాలుగు సబ్జెక్టులు. తెలుగు, ఇంగ్లిషు, లెక్కలు, పరిసరాల విజ్ఞానం. ఆరులోకి వెళ్ళగానే పరిసరాల విజ్ఞానం రెండుగా చీలి సైన్సూ సోషలూ అవుతుంది. దానికి తోడు హిందీ మొదలవుతుంది. ఒకే ఏడాదిలో కొత్త లిపి, కొత్త భాష, రెండు కొత్త పుస్తకాలు!

పుస్తకాలకంటే పెద్ద మార్పు ఇంకోటుంది. ప్రైమరీ బడిలో ఇద్దరు టీచర్లు ఐదు తరగతులనూ పంచుకుంటారు. అది లోటే. కానీ అందులో ఒక సుఖమూ ఉంది. ఈ పిల్లాడు రాత్రి తిన్నాడో లేదో, వీళ్ళ నాయిన ఊళ్ళో ఉన్నాడో వలస పోయాడో ఆ సారుకు తెలుసు. హైస్కూల్లో గంట కొడితే టీచరు మారిపోతారు. ఏడో పీరియడ్ అయ్యేసరికి ఆరుగురొచ్చి వెళ్ళుంటారు. ఎవరికి వాళ్ళు మంచివాళ్ళే అయినా, వెనక బెంచీలో నోరు విప్పకుండా కూర్చున్న కొత్త పిల్ల ఎవరి కంట పడుతుంది? నిన్నటిదాకా చిన్న బడికి పెద్దక్క. ఇవాళ పెద్ద బడిలో అందరికంటే చిన్నపిల్ల.

ఇంకో సంగతి. తెలంగాణ సర్కారు బడుల్లో 2022-23 నుంచి ఒకటి నుంచి ఎనిమిది దాకా ఇంగ్లిషు మీడియం మొదలైంది. పుస్తకాల్లో ఒక పేజీలో ఇంగ్లిషు, ఎదురు పేజీలో అదే పాఠం తెలుగులో ఉంటాయి. తెలుగు పేజీ చదివితే ఇంగ్లిషు రాదేమోనని కొందరు తల్లిదండ్రులు దాన్ని చూడనివ్వరు. అది పొరపాటు. ముందు తెలుగులో అర్థమైతే ఇంగ్లిషు పేజీలో కొత్తగా నేర్చుకోవాల్సింది మాటలే. తెలుగులోనూ అర్థంకాని పాఠాన్ని ఇంగ్లిషులో బట్టీ కొట్టించడమంటే చిల్లుకుండతో నీళ్ళు తోడించడమే.

చదివించండి... కథ చెప్పమనండి

ఐదో తరగతి ఏడాదిలో తల్లిదండ్రులు తప్పక తెలుసుకోవాల్సినది ఒక్కటే ఉందంటే, అది ఇదే. మీ బిడ్డకు చదవడం వచ్చా? అచ్చంగా చదవడం!

ప్రశ్న వింతగా ఉండొచ్చు. ఐదు దాకా వచ్చాక చదవడం రాకపోవడమేమిటి? దేశవ్యాప్తంగా పల్లెల్లో ఇంటింటికీ తిరిగి పిల్లల చదువును పరీక్షించే అసర్ సర్వే ఉంది. ఐదో తరగతి పిల్లల చేతికి రెండో తరగతి స్థాయి చిన్న కథ ఇచ్చి చదవమంటారు. 2022లో దాన్ని చదవగలిగినవాళ్ళు నూటికి 43 మందికి మించలేదు. 2024లో కాస్త మెరుగై 49 దగ్గరికొచ్చారు. అంటే కొవిడ్ నాటి దెబ్బ నుంచి కోలుకున్నాక కూడా, సగంమందికి మూడేళ్ళ కిందటి పాఠం కొరుకుడు పడటం లేదన్నమాట. భాగహారం చేయగలిగినవాళ్ళు 2024లో 31 మంది చొప్పున. తెలంగాణలో ఒకటి నుంచి ఐదు తరగతుల కోసం 2022లో 'తొలిమెట్టు' పేరుతో కార్యక్రమం మొదలుపెట్టిందీ ఈ లోటు పూడ్చడానికే.

ఇందులో ఒక మాయ ఉంది. చదవడం రాని పిల్లలు చాలా తెలివైనవాళ్ళు! రోజూ విన్న పాఠాన్ని బొమ్మ చూసి గడగడా అప్పజెప్పేస్తారు. నోట్సు ముత్యాల్లా రాస్తారు, బోర్డు మీదున్నది బొమ్మ గీసినట్టు దించేసి. హోంవర్కు నిండుగా ఉంటుంది. అందుకే ఇంట్లో ఎవరికీ అనుమానం రాదు.

కనిపెట్టడం కష్టమేమీ కాదు. ఈ ఆదివారమే చేయొచ్చు. బడిలో చెప్పని కథ ఒకటి తీసుకోండి. రెండు, మూడు తరగతుల పాత పుస్తకం పక్కింట్లో దొరుకుతుంది. లేదంటే ఈ పత్రికలోనే పిల్లల పేజీ ఉండొచ్చు. ఎనిమిది పది వాక్యాలు చాలు. పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని గట్టిగా చదవమనండి. ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ వాక్యం చివరికొచ్చేసరికి మొదలు మర్చిపోతుంటే చదువు ఇంకా కళ్ళ దగ్గరే ఉందని అర్థం. గడగడా చదివి, 'ఏం జరిగింది బిడ్డా?' అంటే చెప్పలేకపోతే నోటి దగ్గర ఆగిందని అర్థం. మాట్లాడినంత వేగంగా చదివి, సొంత మాటల్లో కథ చెప్పి, 'ఆ నక్క అట్ల ఎందుకు చేసింది?' అంటే ఓ కారణం కల్పించి మరీ చెబితే, ఇక ఆరో తరగతి సైన్సు గురించి మీరు భయపడక్కర్లేదు.

అమ్మకే చదువు రాకపోతే? అయినా పరీక్ష పెట్టొచ్చు. ఒత్తులు పలికాడా, దీర్ఘం తీశాడా అన్నది ఆమెకు తెలియకపోవచ్చు. కథ అర్థమైందో లేదో మాత్రం ఇట్టే తెలుస్తుంది. బస్సు మీది ఊరి పేరు, మందు డబ్బా మీది తారీఖు, కరెంటు బిల్లు, పెళ్ళిపత్రిక... ఇంట్లో చదివించడానికి ఎన్ని లేవు! 'నాకు సదువు రాదు, నువ్వే సదివి చెప్పు' అని అమ్మ అడిగినప్పుడు బిడ్డ మొహంలో కనిపించే గర్వం ఏ ట్యూషనూ ఇవ్వలేదు.

రాదని తేలితే? తిట్టొద్దు, పోల్చొద్దు. ముందుగా టీచరుకు చెప్పండి. ఐదులో ఉన్న పిల్లాడికి రోజూ అరగంట రెండో తరగతి పుస్తకం చదివిస్తే నామోషీ ఏమీ కాదు. అదే పిల్లాడికి ఎనిమిదో తరగతిలో రెండో తరగతి పుస్తకం ఇస్తే విసిరికొడతాడు. ఐదో తరగతికున్న విలువ అక్కడే ఉంది. సిగ్గు ఇంకా పూర్తిగా ముదరని వయసది. ఆలస్యమైతే దిద్దుకోలేరని కాదు, దిద్దడానికి చేతికి చిక్కరు!

పావు, అర, ముప్పావు

లెక్కల సంగతీ అంతే. ఐదులో పిల్లల్ని తికమకపెట్టేవి భిన్నాలు. 'మూడు బై నాలుగు' అంటే దిక్కులు చూసే పిల్లే, కొట్టుకెళ్ళి ముప్పావు కిలో ఉల్లిగడ్డలు తప్పులేకుండా తూకం వేయించుకొస్తుంది. ఆ రెండూ ఒకటేనని ఎవరూ చెప్పకపోవడమే చిక్కు. కొల్లాపూర్ మామిడి సీజన్లో ఇంట్లో ఒక పండు కోసి నలుగురికి పంచితే ఒక్కొక్కరికి వచ్చేది 'ఒకటి బై నాలుగు'. రెండు పండ్లు నలుగురికి పంచినా, ఒక పండు ఇద్దరికి పంచినా వాటా ఒకటే ఎందుకొచ్చిందో అడగండి. అదే రేపు ఆరో తరగతిలో నిష్పత్తి పాఠం.

రేవు దగ్గరి పిల్లలకైతే లెక్కలు కళ్ళముందే ఉంటాయి. చేపలమ్మితే 846 రూపాయలొచ్చాయి, వలలో ముగ్గురు భాగస్తులు, ఒక్కొక్కరికి ఎంత? చాలామంది పిల్లలు నోటితో చెప్పేస్తారు, 282 అని. కాగితం మీద భాగహారం వేయమంటే ఆగిపోతారు. వాళ్ళకు లెక్క వచ్చు, రాత రాదు. ఇంకొందరికి సరిగ్గా తిరగేసి ఉంటుంది. కాగితం మీద చకచకా వేస్తారు, అంగట్లో వందకు చిల్లర లెక్కపెట్టుకోలేరు. మీవాడు ఏ రకమో తెలిస్తే సగం పని అయినట్టే. ఎక్కాలు ఇరవై దాకా వచ్చాయా అన్నది ఆ తర్వాతి మాట.

ప్రోగ్రెస్ కార్డు చెప్పని సంగతి

'మావాడు పాసయ్యాడు' అన్నమాట దగ్గర కాస్త ఆగాలి. 2010 ఏప్రిల్ 1న అమల్లోకొచ్చిన విద్యాహక్కు చట్టం ప్రకారం ఎనిమిదో తరగతి దాకా ఎవర్నీ అదే తరగతిలో ఆపకూడదు. ఫెయిలయ్యాడని చెప్పి ఇంట్లో కూర్చోబెట్టే పాత పద్ధతికి అది అడ్డుకట్ట. మంచిదే. 2019లో చట్టాన్ని సవరించి, ఐదు, ఎనిమిది తరగతుల్లో పరీక్ష పెట్టి ఆపాలో వద్దో నిర్ణయించుకునే వీలు ప్రభుత్వాలకిచ్చారు. 2024 డిసెంబరులో కేంద్రం తన ఆధ్వర్యంలోని కేంద్రీయ విద్యాలయాలూ నవోదయల వంటి బడులకు నిబంధనలు మార్చింది. అక్కడ ఐదో తరగతి తప్పితే రెండు నెలల్లోపు మళ్ళీ పరీక్ష పెడతారు, అదీ తప్పితే ఆ తరగతే మళ్ళీ చదవాలి. మిగతా బడుల విషయం ఆయా రాష్ట్రాల ఇష్టం.

ఏ పద్ధతి మంచిదన్న చర్చ పెద్దలది. తల్లిదండ్రులు గుర్తుపెట్టుకోవాల్సింది వేరే. పై తరగతికి పంపడం, చదువు రావడం ఒకటి కాదు. అందుకే సమావేశానికి వెళ్ళినప్పుడు 'మావాడెట్ల ఉన్నడు సార్?' అని అడిగితే 'బాగానే ఉన్నాడమ్మా' అన్న జవాబే వస్తుంది. అలా కాకుండా 'కొత్త పాఠం సొంతంగా చదవగలడా? చదివినదాని మీద నాలుగు వాక్యాలు రాయగలడా? భాగహారం వచ్చా?' అని విడివిడిగా అడగండి. టీచరూ ఆలోచించి చెబుతారు. 2024 నుంచి తెలంగాణ సర్కారు బడుల్లో మహిళా సంఘాల భాగస్వామ్యంతో 'అమ్మ ఆదర్శ పాఠశాల' కమిటీలు ఏర్పాటయ్యాయి. అమ్మలకు బడి గడప ఎక్కడానికి ఇంతకంటే మంచి సాకు ఏముంటుంది? బడికి వేసిన రంగుల గురించే కాదు, పిల్లల చదువు గురించీ అక్కడ మాట్లాడొచ్చు.

సీటొస్తే చాలా?

ఐదో తరగతి అనగానే చాలా ఇళ్ళలో వినిపించే మాట నవోదయ. ప్రతిభ ఉన్న పల్లె పిల్లల కోసం రెసిడెన్షియల్ బడి అన్న ఆలోచన తెలుగునాట ఇంకా ముందే రూపుదిద్దుకుంది. పి.వి.నరసింహారావు హయాంలో 1971లో నల్గొండ జిల్లా సర్వేల్‌లో గురుకులం మొదలైంది. ఆయనే కేంద్రంలో విద్యాశాఖ చూస్తున్న రోజుల్లో, 1986 విద్యావిధానంతో నవోదయలు దేశమంతా విస్తరించాయి. ఉమ్మడి పాలమూరుకు నవోదయ విద్యాలయం బిజినేపల్లి మండలం వట్టెంలో ఉంది. మహబూబ్‌నగర్ జిల్లాకు విడిగా మరొకటి ఇవ్వాలని 2024 డిసెంబరులో కేంద్ర మంత్రివర్గం నిర్ణయించింది.

ఆరో తరగతి ప్రవేశానికి పరీక్ష ఐదు చదువుతుండగా, ఒక్కసారే రాయాలి. రెండో అవకాశం లేదు. రెండు గంటల్లో 80 ప్రశ్నలు. అందులో సగం బొమ్మలూ ఆకారాలతో బుద్ధికి పదును పెట్టేవి. మిగతా సగం లెక్కలూ భాషా. తెలుగులో రాయొచ్చు. తప్పు జవాబుకు మార్కులు తగ్గించరు. కనీసం 75 శాతం సీట్లు పల్లె పిల్లలవి, మూడోవంతు ఆడపిల్లలవి. అయితే మూడు, నాలుగు, ఐదు తరగతులు పల్లె బడిలోనే చదివి ఉండాలి. మధ్యలో ఏడాది పట్నం బడిలో వేస్తే ఆ కోటా పోయినట్టే. ఈ సంగతి తెలియక నష్టపోయేవాళ్ళున్నారు. నోటిఫికేషన్ సాధారణంగా బడులు తెరిచిన కొత్తలోనే వస్తుంది. దసరా తర్వాత చూద్దాంలే అనుకుంటే గడువు దాటిపోతుంది.

రాష్ట్ర గురుకులాల తీరు వేరు. ఎస్సీ, ఎస్టీ, బీసీ, జనరల్ గురుకులాల్లో ప్రవేశం ప్రధానంగా ఐదో తరగతిలోకి. అంటే నాలుగు చదువుతున్నప్పుడే ఉమ్మడి ప్రవేశపరీక్ష రాయాలి. ఐదులోకొచ్చాక గురుకులం గురించి వాకబు చేస్తే బస్సు వెళ్ళిపోయాక స్టాండుకొచ్చినట్టే. అలాంటివాళ్ళకు ఆరులో చేర్చుకునే మోడల్ స్కూళ్ళున్నాయి. వాటికీ పరీక్ష ఉంటుంది. ఆడపిల్లలకు 2004లో మొదలైన కస్తూర్బా విద్యాలయాలున్నాయి. ఆరు నుంచి మొదలయ్యే ఆ బడులు పెట్టిందే చదువాపేసినవాళ్ళ కోసం, అమ్మానాన్న లేనివాళ్ళ కోసం, వెనకబడిన వర్గాల ఆడపిల్లల కోసం.

ఇక అసలు మాట. ఒక నవోదయలో ఆరో తరగతిలో తీసుకునేది 80 మందిని. రాసేవాళ్ళు వేలల్లో. పదేళ్ళ పిల్లల్ని తెల్లవారుజామున లేపి కోచింగులకు తోలడం చూస్తే, అది సీటు కోసమా, పక్కింటివాళ్ళ కోసమా అని అనుమానం వస్తుంది. ఓ మూడు నెలలు రోజూ గంటసేపు పాత ప్రశ్నపత్రాలు చేయించి, జవాబు పత్రంలో గుండ్రాలు నింపడం అలవాటు చేస్తే చాలు. రాకపోతే 'పోయింది' అనొద్దు. వాడి చదువేమీ పోలేదు, పోయింది ఒక పరీక్షే.

సీటు వచ్చినవాళ్ళ ఇంట్లో వేరే ప్రశ్న ఉంది. బిడ్డ హాస్టల్లో ఉండగలదా? మార్కులు చూసి చెప్పే జవాబు కాదిది. తన బట్టలు తను ఉతుక్కోగలదా? జ్వరమొస్తే నోరుతెరిచి వార్డెన్‌కు చెప్పగలదా? ఎవరైనా ఏడిపిస్తే, ఒంటి మీద చెయ్యి వేస్తే వెంటనే చెప్పాలని తెలుసా? చుట్టాలింట్లో రెండు రాత్రులు అమ్మ లేకుండా ఎప్పుడైనా ఉందా? వేసవిలో వారంపాటు అమ్మమ్మ ఇంటికి పంపి చూడండి, కొంత తెలుస్తుంది. దసరా సెలవులకొచ్చి తిరిగి వెళ్ళనని గుంజ పట్టుకుని ఏడ్చే పిల్లల్లో చాలామంది మందబుద్ధులు కారు, మొండివాళ్ళూ కారు. ఇంకో ఏడాది ఇల్లు కావాల్సినవాళ్ళు, అంతే.

చేతికి అందొచ్చే వయసు

పదేళ్ళకు పిల్లలు పనికొస్తారు. ఎవరూ బయటికనరు గానీ, ఐదో తరగతి తర్వాత చదువాగడానికి ఉన్న పెద్ద కారణాల్లో ఇదొకటి. పసిపాపను ఎత్తుకోగలరు, మేకల్ని కాయగలరు, పత్తి ఏరగలరు, వల లాగడంలో ఓ చెయ్యి వేయగలరు. నది తగ్గే కాలంలో ఒడ్డునే గుడిసెలు వేసుకుని చేపలు పట్టే కుటుంబాలుంటాయి. పాలమూరు కూలీలు పనులు వెతుక్కుంటూ ఎంత దూరం వెళతారో దేశానికే తెలుసు. ఇంటిల్లిపాదీ కదిలినప్పుడు పిల్లల్ని ఎవరి దగ్గర వదలాలి? ఆడపిల్ల అయితే మరీ. 'అంత దూరం బస్సుల ఎట్ల పంపాలె?' అన్న మాటలో భయముంది, ప్రేమా ఉంది. తెలివితక్కువతనమైతే లేదు.

కానీ లెక్క మారింది. 2023 డిసెంబరు నుంచి తెలంగాణలో ఆడపిల్లలకూ మహిళలకూ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ లేదు. గుర్తింపు కార్డుంటే చాలు. పద్నాలుగేళ్ళ లోపు పిల్లల్ని పనిలో పెట్టడం 2016 సవరణ తర్వాత పూర్తిగా నేరం. ఇంటి పనికి చేదోడంటారా, అదీ బడి అయ్యాకే. వలస వెళ్ళక తప్పని ఇళ్ళు ముందుగా హెడ్మాస్టరుకు చెబితే, సీజనల్ హాస్టల్ ఉందేమో, దూరానికి రవాణా భత్యం వస్తుందేమో ఆయన మండల విద్యాధికారిని అడుగుతారు. చెప్పకుండా వెళ్ళిపోతే ఆ పేరు పక్కన 'ఆబ్సెంట్' అని పడుతుందంతే.

ఊళ్ళో ముగ్గురు పిల్లలు ఒకే బడికి కలిసి వెళుతుంటే మధ్యలో మానేసేవాళ్ళు తక్కువ. కాబట్టి 'మా పిల్లను ఎక్కడ చేర్చాలి' అని ఒక్కరే ఆలోచించకుండా ఐదో తరగతి తల్లులు నలుగురూ ఒకసారి కూర్చుని మాట్లాడుకోవడం మంచిది. ఒకరి పిల్లకు ఇంకొకరి పిల్లే తోడు.

పదేళ్ళ ఒళ్ళు

ఈ వయసులో శరీరమూ తరగతి మారుతుంది. కొందరు ఆడపిల్లలు పది, పదకొండేళ్ళకే పెద్దమనుషులవుతున్నారు. బడిలో ఉండగా హఠాత్తుగా అయితే ఆ భయం జీవితాంతం గుర్తుంటుంది. అమ్మో, మేనత్తో ముందే నాలుగు మాటలు చెప్పి ఉంచాలి. అది జబ్బు కాదనీ, టీచరమ్మకు చెప్పొచ్చనీ. ఫంక్షన్ పేరుతో వారాలు వారాలు బడి మాన్పిస్తే పాఠాలతోపాటు ధైర్యమూ వెనకబడుతుంది.

పదేళ్ళు నిండగానే టీడీ టీకా వేయించాలి. ధనుర్వాతం, కంఠసర్పి రాకుండా ప్రభుత్వాసుపత్రిలో ఉచితంగానే వేస్తారు. పదేళ్ళు దాటిన పిల్లలకు బడిలో వారానికొకటి ఇచ్చే నీలం రంగు ఐరన్ మాత్రను 'వేడి చేస్తుంద'ని పారేయించొద్దు. పొద్దంతా కునుకుతున్న పిల్ల సోమరి కాకపోవచ్చు, రక్తం చాలక కావచ్చు. బోర్డు మీది అక్షరం కనబడక చదువులో వెనకబడి, మొద్దని పేరు తెచ్చుకునే పిల్లలు ప్రతి బడిలోనూ ఉంటారు. దూరంగా ఆగిన బస్సు బోర్డు చదవమంటే కళ్ళు చికిలించాడా, కంటి డాక్టరుకు చూపించండి.

కాగితాలు ఇప్పుడే

ఇది చిన్న పని, కానీ నిర్లక్ష్యం చేస్తే పదేళ్ళు వెంటాడుతుంది. బడి రిజిస్టరులో, ఆధార్‌లో, జనన ధ్రువపత్రంలో బిడ్డ పేరూ పుట్టినతేదీ ఒకేలా ఉన్నాయా? పదో తరగతి మెమో మీద పడేది బడి రికార్డులో ఉన్నదే. ఆ తర్వాత దిద్దించాలంటే ఆఫీసుల చుట్టూ తిరగాలి. కాబట్టి బడి మారేలోపే సరిచేయించండి. కులం, ఆదాయం పత్రాలు మీసేవలో ముందే తీసుకుని ఉంచుకుంటే ప్రవేశపరీక్షల దరఖాస్తులప్పుడు పరుగులుండవు. టీసీ అడిగిన వెంటనే ఇవ్వాలని చట్టం చెబుతోంది. అది రావడం ఆలస్యమైందన్న కారణంతో కొత్త బడి చేర్చుకోనంటే కుదరదు.

ఆ యాభై రోజులు

ఏప్రిల్ చివరి వారంలో బడులు మూస్తారు. జూన్ రెండో వారంలో తెరుస్తారు. మిగతా తరగతుల పిల్లలకు ఆ యాభై రోజులూ సెలవులు. ఐదు అయిపోయినవాళ్ళకు మాత్రం ఏ బడిదీ కాని రోజులు. పాత బడి పేరు కొట్టేసింది, కొత్త బడి పేరు రాసుకోలేదు. 'ఎండలు తగ్గనీ', 'వానలు పడనీ', 'అన్న పెళ్ళి కానీ' అనుకుంటూ ఉండగానే జూలై వస్తుంది. పిల్లాడు అప్పటికే ఎక్కడో పనికి కుదిరి నాలుగు డబ్బులు తెచ్చి ఉంటాడు. ఆ డబ్బుల రుచి మరిగాక వెనక్కి తేవడం ఎంత కష్టమో తెచ్చినవాళ్ళకే తెలుసు.

అందుకే చేర్పించే పని జూన్‌కు వదలకుండా, ఏప్రిల్‌లోనే ఓ పొద్దున బిడ్డను తీసుకుని కొత్త బడికి వెళ్ళి రావచ్చు. బస్సు ఎక్కడ ఎక్కాలి, ఎక్కడ దిగాలి, తిరుగు బస్సు ఎన్నింటికి, అది తప్పితే ఎవరింటికి వెళ్ళి కూర్చోవాలి... దారిలోనే చెప్పొచ్చు. ఆరో తరగతి గది ఏదో, మంచినీళ్ళెక్కడో, మరుగుదొడ్డి ఎక్కడో చూపించి, హెడ్మాస్టరుకు 'జూన్‌ల వస్తది సార్, మా బిడ్డ' అని ఒక మాట చెప్పి, పేరు రాయించి రావచ్చు. అప్పటికి కొల్లాపూర్ బజారులో మామిడి దిగి ఉంటుంది. రెండు పండ్లు కొనిచ్చి, తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చోబెడితే ఊర్ల పేర్లు తనే చదువుకుంటూ వస్తుంది.